లేని హెడ్‌ఫోనూ, పసుపు శంఖమూ

నేను హెడ్‌ఫోను వాడను. ఫోను కొన్నప్పుడు డబ్బాలో వచ్చినదాన్ని ఆ రోజే మనుమడు పట్టుకుపోయాడు. అయినా పోయిన చలికాలంలో నా ఫోను తెర పై అంచున, గడియారం అంకెల పక్కన, చిన్న హెడ్‌ఫోను బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. తీసేద్దామంటే తీయడానికి అక్కడ ఏమీ లేదు. కాల్ వస్తే రింగు మోగుతుంది. ఎత్తితే అవతలి మాట వినపడదు. నా మాట మాత్రం వాళ్లకు చేరుతుంది. వరంగల్ నుంచి బిడ్డ ఫోన్ చేస్తే, నేను ఇక్కడ "హలో, హలో" అంటుంటే ఆమె అక్కడ గొంతు పెంచి జవాబిస్తూనే ఉందట. స్పీకరు గుర్తు నొక్కితే తప్ప ఒక్క ముక్క చెవిన పడేది కాదు. స్పీకరు నొక్కితేనేమో ఇంటి సంగతులన్నీ వాడకట్టుకు తెలిసేవి.

ఉద్యోగమంతా తెలుగు పంతులుగా గడిచింది. చదువుకునే రోజుల్లో ఓరియంటల్ కాలేజీలో మా గురువులు తర్కసంగ్రహం బట్టీ పట్టించారు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకం అది. ఒక ధర్మం లేని చోట ఆ ధర్మం ఉన్నదని తెలుసుకోవడమే అయథార్థ జ్ఞానం అని అందులో నేర్చుకున్నాం. అప్పట్లో దీనికి ముత్యపుచిప్పలో వెండిని ఉదాహరణగా చెప్పేవారు. ముత్యపుచిప్పను నేను సముద్రం ఒడ్డున తప్ప చూసింది లేదు. మా ఊరు ఆలేరుకు సముద్రం ఏడుంది? ఈ ఫోనుతో ఆ పాఠానికి నా జేబులోనే ఉదాహరణ దొరికింది. దాంతోపాటు ఆ పాఠంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి దొరికింది. తప్పు అని తెలిసిపోయాక కూడా తప్పు ఎందుకు పోదు?

వేదాంత ప్రవచనాలు విన్నవాళ్లందరికీ తాడు-పాము తెలుసు. మునిమాపు వేళ దారిలో తాడు పడి ఉంటుంది, పామనుకుని గుండె ఝల్లుమంటుంది. దీపం తెస్తే తాడు కనపడుతుంది. పామును ఎవరూ చంపనక్కర లేదు, తరమనక్కర లేదు. తాడు తెలియడమే పాము పోవడం. సంసారం కూడా అంతే, బ్రహ్మం తెలిస్తే చాలు అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ నా ఫోనులో హెడ్‌ఫోను లేదని నాకు తెలుసు, నా బిడ్డకు తెలుసు, మనుమడికి ఇంకా బాగా తెలుసు. బొమ్మ పోలేదు. "తెలిసింది నీకు, పొరపడింది ఫోను, ఇద్దరూ వేరు కదా" అంటారేమో. న్యాయమే. అయితే ఫోనును పక్కన పెట్టి మనిషినే తీసుకోండి. కామెర్లు వచ్చినవాడికి శంఖం పసుపుపచ్చగా కనపడుతుందని శాస్త్రాల్లో ఇంకో ఉదాహరణ ఉంది. శంఖం తెలుపేనని వాడికి తెలుసు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు. పక్కవాడు ప్రమాణం చేసి చెబుతాడు, వాడు నమ్ముతాడు కూడా. అయినా కళ్లకు మాత్రం పసుపే.

మన ప్రవచనకారులు తాడు-పామును వెయ్యి మార్లు చెప్పి, పసుపు శంఖాన్ని ఒక్కసారి కూడా ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

స్టేషన్ రోడ్డులో ఫోన్లు బాగు చేసే పిల్లగాడు ఒకడున్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే, సంధులు ఎన్నడూ రాలేదు వాడికి. ఫోను చూడంగనే "సార్, ఇది మీ ఫోను తప్పు కాదు. దానికి ఏం ముడితే అదే చెప్తున్నది" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. తప్పు కాదంటాడేమిటి? అప్పుడు వాడు పాత హెడ్‌ఫోను జాకు ఒకటి విప్పి, భూతద్దం కింద పెట్టి చూపించాడు.

ఫోనుకు చెవులో కళ్లో ఉండి హెడ్‌ఫోనును చూడదు. పిన్ను దూరే ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లోపల చిన్న చిన్న స్ప్రింగు రేకులు ఉంటాయి. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, గ్రౌండుకొకటి, మైకు ఉంటే దానికొకటి. ఇవి కాక పిన్ను లోపలికి వచ్చిందా లేదా చెప్పడానికే ఒక రేకు. కొన్ని జాకుల్లో పిన్ను దూరినప్పుడు ఆ రేకు పిన్నును ముట్టుకుంటుంది, దాని మీది వోల్టేజీ పడిపోతుంది. కొన్నింట్లో ఎప్పుడూ ఒకదాన్నొకటి ముట్టుకుని ఉండే రెండు రేకుల్ని పిన్ను వచ్చి విడదీస్తుంది. లోపలి ఆడియో చిప్పు చూసేది ఆ మార్పు ఒక్కటే. మార్పు వచ్చిందా, హెడ్‌ఫోను వచ్చినట్టే. మాటనంతా అటు మళ్లిస్తుంది, చెవి దగ్గరి స్పీకరును మూసేస్తుంది. ఇక చెమట, దుమ్ము, పీచు కలిసి తడి ముద్దయి రేకుల మధ్య చేరితే, ముట్టుకోకూడనివి ముట్టుకుంటాయి. లేదా ముట్టుకోవాల్సినవి ముట్టుకోకుండా పోతాయి. చిప్పుకు అదే మార్పు అందుతుంది. పిన్ను తెచ్చిన మార్పుకూ పీచు తెచ్చిన మార్పుకూ తేడా తెలుసుకునే ఉపాయం దానికి ఇవ్వలేదు.

"మైకున్న హెడ్‌ఫోను అనుకుంటే ఇంకా కష్టం సార్," అన్నాడు. తడి ఎండుతూ తడుస్తూ ఉంటే, హెడ్‌ఫోను తీగ మీది బొత్తాం ఎవరో నొక్కుతున్నట్టు లెక్క కడుతుందట. పాట దానంతటదే ఆగుతుంది, మొదలవుతుంది, ఎవరూ పిలవకుండానే ఫోను "చెప్పండి" అని అడుగుతుంది. ఊళ్లో ఒకామె ఫోనుకు గాలి సోకిందని దిష్టి తీయించిందట కూడా. నేను నవ్వలేదు. ఆమెకు అందిన సాక్ష్యం అదే మరి.

నా జాకులోంచి వాడు తీసిన ముద్దలో ఏముందో చెబితే మీరే నవ్వుతారు. దారపు పీచు, చెమట ఉప్పు, పసుపు. స్వాతి నక్షత్రం నాడు యాదగిరిగుట్టలో గిరిప్రదక్షిణ చేసినప్పుడు ఫోనూ, అక్షింతల పొట్లమూ ఒకే అంగి జేబులో వేసుకున్నాను. ఫోను తలకిందులుగా, జాకు అడుగున. దేవుడి పసుపే ఫోనుకు కామెర్లు తెప్పించింది.

ఇక్కడ భ్రమ మీద మన దర్శనకారులు పడ్డ తగాదా మొత్తం గుర్తొచ్చింది. నైయాయికుడు ఫోనును తప్పు పడతాడు. వేరే చోట ఉన్న హెడ్‌ఫోనును ఇక్కడ ఉన్నట్టు చూపింది అంటాడు. విజ్ఞానవాద బౌద్ధుడు హెడ్‌ఫోను ఫోను బుద్ధిలోనే ఉంది, బయట వెతకొద్దు అంటాడు. మీమాంసకుల్లో ప్రభాకరుడిది చిత్రమైన మాట. ఆయన లెక్కన తప్పు జ్ఞానం అనేదే లేదు. ఎదుట కనపడ్డది ఒకటి, మనసులో గుర్తున్నది ఒకటి, ఈ రెండూ వేరని గమనించకపోవడమే మనం భ్రమ అంటున్నది. చిప్పుకు వోల్టేజీ కనపడింది, నిజమే. ఈ వోల్టేజీ అంటే హెడ్‌ఫోను అని ఫ్యాక్టరీలో నేర్పారు, అదీ నిజమే. రెండింటి మధ్య సందు కనపడలేదు, అంతే. ఇక మా ఆలేరుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో కొలనుపాక ఉంది, కుల్పాక్‌జీ అని దేశమంతటి నుంచి జైనులు వస్తారు. ఆ గుడిలో ఆదినాథుడి ముందు ఎవరైనా జైన పండితుణ్ని అడిగితే, పిన్ను వైపు నుంచి చూస్తే హెడ్‌ఫోను ఉంది, చెవి వైపు నుంచి చూస్తే లేదు, రెండూ ఒకేసారి చెప్పమంటే చెప్పనలవి కాదు అని తేలుస్తాడు. తమాషాకు అన్నాను కానీ, నా బిడ్డతో ఫోన్లో గొడవ పడ్డప్పుడు నాకు బాగా పనికొచ్చిన వాదం ఇదే.

అందరికంటే మా పిల్లగాడి మాటకు దగ్గరగా ఉన్నవాడు రామానుజులు. శ్రీభాష్యంలో ఆయన సిద్ధాంతం, జ్ఞానమంతా ఉన్నదాని గురించే అని. పసుపు శంఖం సంగతి ఆయన ఎంత ఓపికగా విప్పుతాడో చూడాలి. కంట్లోని పిత్తం కంటి కిరణాలతో కలిసి బయటికి వెళ్లి శంఖం మీద పరుచుకుంటుంది. శంఖం తెలుపు దాని కింద కప్పబడిపోతుంది. అందుకని రోగికి కనపడే పసుపు నిజం పసుపే, పిత్తానిది. మరి పక్కవాడికి ఎందుకు కనపడదు? అది అతి సూక్ష్మం, ఎవరి కంటి నుంచి బయల్దేరిందో వాడికే అందుతుంది. కంటి కిరణాల భౌతికశాస్త్రం నేడు చెల్లదు, ఒప్పుకుంటాను. కానీ వాదం నడక చూడండి. రోగిని పిచ్చివాడు అనలేదు. వాడు చూస్తున్నది ఏదో ఒకటి నిజంగా ఉంది, అదేమిటో వెతుకు అన్నాడు. భూతద్దం పెట్టుకుని జాకులోకి తొంగి చూసే మెకానిక్కు చేసేదీ అదే.

తెలిసిపోయాక కూడా తప్పు ఎందుకు పోదన్న ప్రశ్నకు అద్వైతులు జవాబు లేనివాళ్లు కారు. తెలిసినా పోని భ్రమలు ఉన్నాయని వాళ్లూ ఒప్పుకున్నారు. ఉపాధి, అంటే భ్రమను నిలబెట్టే బయటి కారణం, లేని భ్రమ తెలివితో పాటే పోతుంది, తాడు-పాములాగా. ఉపాధి ఉన్న భ్రమ, ఆ ఉపాధి ఉన్నంత సేపూ కనపడుతూనే ఉంటుంది. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగానే ఉంటుంది, స్ఫటికం తెలుపని ఎన్ని గ్రంథాలు చదివినా సరే. కళ్లకు తిమిరమనే జబ్బు ఉన్నవాడికి చంద్రుడు ఒక్కడేనని తెలిసినా ఇద్దరు కనపడుతూనే ఉంటారు. జ్ఞాని అయినవాడికి ప్రపంచం కనపడడమూ ఇటువంటిదే అన్నారు. దీనికి శ్రీభాష్యంలో వచ్చిన ఎదురుదెబ్బ నాకు మహా ఇష్టం. తిమిరం నిజమైన దోషం, జ్ఞానంతో పోయేది కాదు, అందుకే ఇద్దరు చంద్రులు మిగిలారు. నీ మతంలోనేమో దోషమూ మిథ్యే కదా, అది జ్ఞానంతోనే పోవాలి కదా, మరి ఎట్లా మిగిలింది? ఇదీ ఆ ప్రశ్న సారం.

ఈ ప్రశ్న నా ఫోను దగ్గర సూటిగా నిలబడుతుంది. పీచు నిజం. కాబట్టి హెడ్‌ఫోను లేదన్న నా జ్ఞానం దాన్ని కదపలేదు. బంధం నిజం కాబట్టి వాక్యార్థం తెలిసినంత మాత్రాన తెగదు, ఉపాసన కావాలి, భగవంతుడి దయ కావాలి అని రామానుజులు అన్నది ఈ దారిలోనే.

అయితే శంకరులకు అన్యాయం చేయకూడదు. అబద్ధానికి ఫలితం నిజం కావచ్చునని ఆయన బ్రహ్మసూత్ర భాష్యంలో రాసి పెట్టాడు. విషం తాకిందన్న అనుమానంతోనే మనిషి చచ్చిపోవడం ఆయన ఇచ్చిన ఉదాహరణ. లేని హెడ్‌ఫోను ఉన్న ఫోన్ కాల్‌ను మింగేసింది కదా. ఆ రోజుల్లో మా బిడ్డ ఏడ్చుకుంటూ చెప్పిన సంగతి ఒకటి ఆ ఖాళీ రంధ్రంలోకే పోయింది. మాట పుట్టింది, తరంగాల మీద వచ్చింది, ఫోను లోపల శబ్దంగా మారింది కూడా. ఎవరూ లేని చెవికి పంపారు దాన్ని. ఫోను పని చేయలేదని అనడానికి లేదు. దాని మనసులో అది పూర్తిగా వినిపించింది. దేవుడు పలకడం లేదని గుట్టకొచ్చి ఏడ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు ఈ అనుమానమే. పలుకు రాలేదా, వచ్చి వేరే రంధ్రంలోకి పోయిందా? పిలుపు మాత్రం అందరికీ మోగుతూనే ఉంది, రింగును ఫోను హెడ్‌ఫోను ఉన్నా స్పీకరుకూ పంపినట్టు. పండుగలకు, చావులకు, రోగాలకు మోగుతుంది. ఎత్తాక వినపడదు.

పిల్లగాడు మొదట ఒక దొంగ ఉపాయం చెప్పాడు. కొన్ని యాప్‌లు ఉన్నాయి. జాకు ఏం చెప్పినా లెక్క చేయకుండా శబ్దాన్ని బలవంతంగా స్పీకరుకు మళ్లిస్తాయి. బొమ్మ ఉంటే ఉండనీ, మాట వినపడుతుంది కదా. వాడికి తెలియకుండానే జీవన్ముక్తుణ్ని వర్ణించాడు. తోసిపుచ్చిన భ్రమ కొనసాగుతూ ఉంటుంది, కానీ కట్టేయదు. బాధితానువృత్తి అని మా గురువులు గంటల తరబడి చెప్పింది ఇదే. అయితే ఆ యాప్‌ను ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. తడి లోపల అట్లాగే ఉంటుంది, రేకులకు తుప్పు పడుతుంది, ఏదో ఒక రోజు ఛార్జింగు బోర్డు దాకా పోతుంది. జీవన్ముక్తులు ఉండవచ్చు. అట్లా చెప్పుకు తిరిగేవాళ్లలో ఎక్కువ మంది దగ్గర ఈ యాప్ మాత్రమే ఉందని నా అభిప్రాయం.

వాడు చేసిన పని ఇది. ఫోను పూర్తిగా ఆపేశాడు. టార్చి వేసి చూశాడు. చెక్క పుల్లకు సన్నగా దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, మెల్లగా తిప్పుతూ తీశాడు. సూది, గుండుసూది పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. రేకు వంగితే ఇక జాకే మార్చాలి. ఆరనిచ్చాడు. మీరు బియ్యం డబ్బాలో పెట్టే అలవాటున్నవాళ్లయితే మానండి. తవుడు, నూక పోయి ఇంకో ముద్ద తయారవుతుంది. ఆపిల్ కంపెనీ కూడా తన సలహాల్లో బియ్యం వద్దనే రాసింది. జాకు లేని కొత్త ఫోన్లు కొని ఈ బాధ తప్పిందనుకోవద్దు. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆ రంధ్రం పూడ్చారు గానీ, టైప్-సీ ఛార్జింగు రంధ్రంలోనూ ఇదే కథ. అందులో రెండు గుర్తు పట్టే పిన్నులు ఉంటాయి. రెండూ తక్కువ నిరోధంతో గ్రౌండుకు కలిసినట్టు కనపడితే, ఆడియో తీగ పెట్టారని అనుకునే ఏర్పాటు ఉంది. తడి చాలు దానికి.

ఆరిన తరువాత ఆన్ చేస్తే బొమ్మ ఇంకా ఉంది! అప్పుడు వాడు చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. షాపులో ఉన్న అసలైన హెడ్‌ఫోను ఒకటి తెచ్చి, లోపలికంటా పెట్టి, తీశాడు. మళ్లీ పెట్టి తీశాడు. బొమ్మ పోయింది. "అసలుది వచ్చి పోతేనే సార్, లేనిది పోయినట్టు దానికి తెలిసేది" అన్నాడు. దేవుడు లేడని వాదించేవాళ్లూ, ఉన్నాడని వాదించేవాళ్లూ కాసేపు ఆగి వినదగ్గ మాట అనిపించింది నాకు. నకిలీ దేవుళ్లను ఎన్ని వాదాలతో కొట్టినా పోరు.

ఇక శుభ్రం చేయడం గురించి. రామానుజులకు ఉపాసన అంటే పుల్లా దూదీ పట్టుకోవడమే, అందులో అనుమానం లేదు. కానీ శంకరులు కూడా దీపానికి ముందు పుల్లే పట్టుకున్నాడు, మనం మరిచిపోతాం. కర్మ మోక్షం ఇవ్వదు అన్నాడే తప్ప కర్మ వద్దు అనలేదు. నిష్కామంగా చేస్తే చిత్తం శుద్ధి అవుతుంది, శుద్ధి అయిన చిత్తంలో జ్ఞానం నిలుస్తుంది అన్నాడు. శుద్ధి లేనివాడికి మహావాక్యం చెబితే అది ఖాళీ జాకులోకి పోతుంది. కాబట్టి పుల్ల దగ్గర ఇద్దరు ఆచార్యులకూ తగాదా లేదు. శుభ్రమయ్యాక ఏమి మిగులుతుంది, ఒకటా రెండా అన్న దగ్గరే తగాదా. అంత దూరం వెళ్లినవాళ్లు మా మండలంలో ఎవరూ నాకు తారసపడలేదు, నేనైతే అసలే వెళ్లలేదు. అందుకని ఆ తగాదాలో నేను దూరను.

నా ఓటు ఇంకొకరికి ఉంది. 7వ శతాబ్దపు కుమారిల భట్టు, శ్లోకవార్తికం రాసినవాడు. జ్ఞానం పుడుతూనే ప్రమాణంగా పుడుతుంది అన్నాడాయన, దాన్ని కొట్టేసేవి రెండే. ఒకటి, అది కాదని చూపే మరో జ్ఞానం. రెండోది, ఈ జ్ఞానం పుట్టిన పనిముట్టులోనే దోషం ఉందని తెలియడం. ఫోనుకు మొదటిది నేను ఇవ్వలేను, అది నా మాట వినదు. రెండోది దానికి లేనే లేదు. తన జాకులో పీచు ఉందేమో అని అనుమానించే శక్తి నా ఫోనుకు పెట్టలేదు. మనిషికి ఉంది. కామెర్ల రోగి శంఖం పసుపు అని ఒట్టు పెట్టడు, "నా కళ్లు బాగా లేవు" అంటాడు. మతం మనిషికి నేర్పగలిగిన గొప్ప పని ఇదని నేను నమ్ముతాను. కానీ మన దగ్గర అది తలకిందులైంది. ప్రతి మతంవాడూ, ప్రతి శాఖవాడూ దోషం ఎదుటివాడి కంట్లో వెతుకుతున్నాడు. ఆలేరులో బస్సు దిగితే ఒక దిక్కు గుట్ట నరసింహస్వామి, ఇంకో దిక్కు కొలనుపాకలో తీర్థంకరులు, ఆ ఊళ్లోనే రేణుకాచార్యుడు లింగంలోంచి పుట్టాడని వీరశైవులు కొలిచే సోమేశ్వరుడు. పిత్తం మీదా తిమిరం మీదా ఇంత చర్చ చేసిన సంప్రదాయాలు ఒక్క గంట ప్రయాణంలో ఉన్న చోట, మనకు ఎదుటివాడి కామెర్లే కనపడుతున్నాయి.

ధనుర్మాసం వస్తున్నది. గుట్ట కింద, ఊళ్లలోని రామాలయాల్లో ప్రవచనాలు మొదలవుతాయి. చెప్పే పెద్దలకు నా మనవి ఒక్కటే: తాడు-పాము ఈ ఏడు కాస్త తగ్గించి, పసుపు శంఖం చెప్పండి. శంఖం తెలుపేనని జనానికి ఎప్పుడో తెలుసు. కళ్లు ఎట్లా కడుక్కోవాలో చెప్పండి.